ఈ ఏడాది మీ పద్దులో పుస్తకం ఉందా?

కొత్త సంవత్సరం వస్తోందంటే ఇంట్లో అందరికీ ఏవో నిర్ణయాలుంటాయి. పిల్లలకి మార్కులు, శ్రీవారికి పొద్దున్నే నడక, అత్తగారికి కాశీ ప్రయాణం. మరి మీకు? "ఈ ఏడాదైనా కాస్త చదువుకోవాలి" అని ఎన్నిసార్లు అనుకుని ఉంటారో కదూ! పెళ్ళికి ముందు నవల చేతిలో ఉంటే అన్నం సంగతే మరిచిపోయినవాళ్ళు కూడా, ఇప్పుడు ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి ఎన్నేళ్ళయిందో చెప్పలేరు.

తీరిక లేదంటారు. నిజమే. కానీ ఇంట్లో అందరి పనులకీ ఒక వేళ ఉండి, మీ చదువుకి మాత్రం లేకపోవడమే అసలు చిక్కు. లెక్కలో లేని పని ముందుగా మూలపడుతుంది.

గంటలు వద్దు, పేజీలు చాలు

సికింద్రాబాద్ లాలాగూడ సంగతే తీసుకోండి. 1893లో నిజాం రైల్వేవారు ఇక్కడ వర్క్‌షాప్ పెట్టారు. అప్పటినుంచీ ఇది రైల్వేవాళ్ళ పేటే. క్వార్టర్స్‌లో ఇల్లాలి రోజంతా డ్యూటీని బట్టి నడుస్తుంది. వర్క్‌షాప్ ఉద్యోగమైతే తెల్లారేసరికి క్యారియర్ సిద్ధం కావాలి. రైలు నడిపే ఉద్యోగమైతే ఆయన ఏ వేళకి ఇల్లు చేరతారో, పగలు నిద్రపోతారో రాత్రి నిద్రపోతారో తెలియదు. ఆ ఉద్యోగం మీదే అయితే ఇక చెప్పేదేముంది!

ఇలాంటి ఇంట్లో "రోజూ మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా చదువుతాను" అని పెట్టుకుంటే మొదటి వారంలోనే తప్పుతుంది. అందుకని గంటలు వదిలేసి పేజీలు లెక్కపెట్టుకోండి. రోజుకి 10 పేజీలు. పప్పు కుక్కర్లో పెట్టాక నాలుగు పేజీలు, రైల్వే ఆస్పత్రిలో మీ వంతు వచ్చేలోగా ఆరు పేజీలు. పాలు పొయ్యి మీదున్నప్పుడు మాత్రం పుస్తకం పట్టకండి!

ఏడాదికి 3,650 పేజీలు. 200 పేజీల నవలలైతే 18 అవుతాయి. పండగలు, చుట్టాలు, పిల్లల జ్వరాల కింద సగం రోజులు పోయాయనుకున్నా 9 నవలలు మిగులుతాయి. ఏమీ చదవని ఏడాది కంటే ఎంత నయం!

సంక్రాంతి వెళ్ళనివ్వండి

జనవరి 1నే మొదలుపెట్టాలన్న పట్టుదల అక్కర్లేదు. ఆ రెండు వారాలూ ఇల్లు దులపడం, సకినాలు, అరిసెలు, ముగ్గులతోనే సరిపోతాయి. కనుమ మర్నాడు మొదలుపెట్టండి. మధ్యలో తప్పిపోతే మనకి ఉగాది ఉండనే ఉంది. ఒకే ఏడాదిలో రెండు కొత్త సంవత్సరాలు మనవాళ్ళకి!

ఏం చదవాలి?

చాలాకాలం తర్వాత మొదలుపెట్టేవారికి కథలే మంచివి. ఒక్కో కథ ఒక్కో పూటలో అయిపోతుంది. ఇల్లిందల సరస్వతీదేవి "స్వర్ణకమలాలు" సంపుటిలో 100 కథలున్నాయి. దానికి 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వారానికి రెండు కథలు చదివితే 50 వారాలు. అంటే ఆ ఒక్క పుస్తకంతోనే ఏడాది గడుస్తుంది.

ఉద్యోగం, ఇల్లు రెండూ తెలిసిన రచయిత్రి కావాలంటే అబ్బూరి ఛాయాదేవి కథలు చదవండి. ఆమె స్వయంగా లైబ్రేరియన్‌గా పనిచేశారు. "తన మార్గం" కథల సంపుటికి 2005లో అకాడమీ బహుమతి అందుకున్నారు. ఇంగ్లీషు నవలలంటే బెరుకు ఉన్నవారికి మాలతీ చందూర్ "పాత కెరటాలు" పేరుతో ఎన్నో నవలల్ని తెలుగులో పరిచయం చేసి పెట్టారు.

ఇంకో మాట. 50 పేజీలు చదివినా మనసు పట్టకపోతే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. అదేం పాపం కాదు. నచ్చని పుస్తకం దగ్గర ఆగిపోయి చదువే మానేయడం మాత్రం నష్టం.

పుస్తకాలు ఎక్కడ?

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో ఈ సికింద్రాబాద్‌లోనే దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు స్వయంగా మోసుకెళ్ళి అమ్మేవారు. ఇప్పుడు మనమే బయల్దేరాలి. మీరు కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా కలిసే ఉంటుంది. రూపాయికి 8 పైసలు. అంటే పుస్తకాలకి డబ్బు ఎప్పుడో కట్టేశారు, తెచ్చుకోవడమే మిగిలింది! చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. కొనాలనుకుంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి.

క్యాలెండరులో ఒక గీత

పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునే గోడ క్యాలెండరు ఉంది కదా! చదివిన రోజున అందులోనే ఒక చిన్న గీత పెట్టండి. నెలాఖరుకి మీకే తెలుస్తుంది. పుస్తకం అయిపోతే పేరు, తేదీ, ఒక్క వాక్యం అభిప్రాయం, ఇంటి పద్దు పుస్తకం చివరి పేజీలో రాయండి. సెల్‌ఫోన్‌ని మాత్రం చదివే కాసేపూ పక్కగదిలో పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో చెప్పండి. "నేను చదువుకుంటున్నాను, పది నిమిషాలు ఆగండి" అనడానికి మొదట నోరు రాదు. నాలుగు రోజులు అంటే అందరికీ అలవాటవుతుంది. అమ్మ చేతిలో పుస్తకం చూసిన పిల్లలకి చదవమని వేరే చెప్పనక్కర్లేదు కూడా.

బండారు అచ్చమాంబ బడికి వెళ్ళలేదు. చిన్నతనంలోనే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయనతో పాటు ఇంట్లోనే చదువు నేర్చుకుంది. 1905లో, ముప్ఫయ్యేళ్ళు దాటుతూనే కన్నుమూసింది. ఆలోగానే "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది, 1902లో "ధనత్రయోదశి" కథ ప్రచురించింది. చదవడమే తప్పన్న రోజుల్లో ఆమె అంత వేళ సంపాదించుకుంది. మనల్ని చదవొద్దనేవారు లేరు. అడగనిదే వేళ ఇచ్చేవారూ లేరు, అంతే.

ఈ కనుమ మర్నాడు మొదటి గీత పెట్టేయండి మరి!