ధర చీటీ కన్నా చెవి మాట మిన్న

సౌండ్‌బార్ కొందామని వెళితే, షాపులో అబ్బాయి వాట్లూ డిస్కౌంట్లూ అన్నీ మావారికే చెప్పాడు. నన్నడిగింది రంగు గురించి! ఇంట్లో రోజంతా పాటలు వినేది నేనాయె.

రెండు సెట్లు పోల్చేటప్పుడు ఒకటి కాస్త గట్టిగా మోగినా అదే బాగున్నట్టు తోస్తుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ పలచబడుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే ముందుగా ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టి రెండింటి సౌండూ సమానం చేయించాను. బేస్ బూస్ట్ తీయించాను. నాకు కంఠతా వచ్చిన సుశీల పాట పెట్టమని, కళ్లు మూసుకున్నాను. ఏది మోగుతోందో చెప్పొద్దన్నాను.

మీరూ అలాగే వినండి. ‘స’, ‘శ’ల తేడా తెలియాలి, చెవిలో గుచ్చుకోకూడదు. తబలా మోత గొంతును మింగేయకూడదు. ధర చీటీ ఆ తర్వాతే చూడండి!