చెవిలో చీము - మెదడుకు ముప్పు

పిల్లలకు చెవి కారుతుంటే చాలామంది పట్టించుకోరు. "పెద్దయితే అదే పోతుందిలే" అంటారు. కాచిన నూనె, ఆకు పసరు పోస్తారు. ఇది తప్పు.

చెవికీ మెదడుకూ మధ్య ఉండేది పలుచని ఎముక. ఏళ్ల తరబడి చీము కారితే ఆ ఎముక పుచ్చిపోతుంది. అప్పుడు మెదడులో చీముగడ్డ లేవవచ్చు. పుచ్చిపన్ను వల్ల, కొన్ని రకాల గుండెజబ్బుల వల్ల కూడా ఈ గడ్డ వస్తుంది.

గుర్తులు ఏమిటి?

తగ్గని తలనొప్పి, వాంతులు, జ్వరం, ఫిట్స్, ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోవడం, మత్తుగా ఉండటం. కొందరికి జ్వరమే ఉండదు. గాలి సోకిందని తాయెత్తులు కట్టి రోజులు గడపరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. కమలాపురం వాళ్లకు కడప పెద్దాసుపత్రి దగ్గర. మెదడు ఆపరేషన్లు కర్నూలు పెద్దాసుపత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో కూడా చేస్తారు.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

స్కానింగులో గడ్డ ఎక్కడుందో తెలుస్తుంది. డాక్టరు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సూదితో చీము లాగుతారు. చీము మళ్లీ చేరితే మళ్లీ తీస్తారు. గడ్డను బట్టి కొందరికి పుర్రె తెరిచి తీయాల్సి వస్తుంది. తర్వాత 6 నుంచి 8 వారాలు మందులు వాడాలి. బాగైందని మధ్యలో మానరాదు. చెవికీ వైద్యం చేయించాలి. లేకుంటే గడ్డ మళ్లీ రావచ్చు.

బతుకుతారా?

బతుకుతారు. స్కానింగు లేని రోజుల్లో చాలామంది చనిపోయేవాళ్లు. ఇప్పుడు 10 మందిలో 9 మంది దాకా బతుకుతున్నారు. కొందరికి తర్వాత కూడా ఫిట్స్ వస్తాయి. వాళ్లు ఫిట్స్ మాత్రలు మానకూడదు.

అయితే స్పృహ తప్పినాక తీసుకుపోతే ప్రాణం దక్కడం కష్టం. అందుకే చెవిలో చీము కనిపించగానే డాక్టరుకు చూపించాలి.