కానరాని ముద్ర

అంగడిలో ఎవరైన ఐదువందల రూపాయల నోటు ఇచ్చినప్పుడు అంగడివాడు దానిని రెండు చేతులతో పట్టి దీపమునకు ఎదురుగ ఎత్తి చూచుట అందఱును ఎఱిగినదే. నోటుపై తెల్లగా విడిచిన భాగము ఒకటి కలదు. అంతవఱకు అక్కడ ఏమియు లేనట్లే యుండును. వెనుకనుండి వెలుగు సోకగనే గాంధీమహాత్ముని ముఖము నీడవలె తోచును. ప్రక్కనే నోటు విలువను తెలుపు అంకెయు కనబడును. ఆ ముఖమును ఎవరును సిరాతో అచ్చువేయలేదు. గుజ్జు ఇంకను తడిగా నున్న సమయముననే, కాగితము కొన్నిచోట్ల పలుచగాను కొన్నిచోట్ల మందముగాను నిలుచునట్లు చేయుదురు. పలుచని చోట వెలుగు ఎక్కువగా దూరును, మందమైన చోట తక్కువగా దూరును. ఆ వెలుగునీడలే చిత్రమగుచున్నవి. దొంగనోట్లవాడు పైపై రంగులను ఎంత నేర్పుతో అచ్చొత్తినను కాగితపు కడుపులోని ఈ గుర్తును పుట్టించుట అతనికి మిక్కిలి కష్టము.

దీనిని వాటర్‌మార్కు అందురు. నీటిగుర్తు అని తెనిగింపవచ్చును. ఇటలీ దేశమందలి ఫాబ్రియానో పట్టణపు కాగితపు పనివారు 1282 ప్రాంతమున దీనిని వాడుకలోనికి తెచ్చిరి. గుజ్జును వడగట్టు తీగల చట్రముపై వంచిన తీగతో ఒక శిలువనో పువ్వునో కుట్టియుంచెడివారు. ఆ తీగ ఉన్నచోట కాగితము పలుచబడెడిది. ఒక్కొక్క పనివాడు ఒక్కొక్క గుర్తును వాడుటచే కాగితము ఎవరిదో దానిని వెలుగున పట్టిన వెంటనే తెలిసెడిది. ఆ పనివారు గతించి శతాబ్దములు గడచినను వారి గుర్తులు నేటికిని పలుకుచునే యున్నవి. తేదీ లేని పాత వ్రాతప్రతుల కాలమును పండితులు వీనిని బట్టియే నిర్ణయించుచుందురు. ఇందుకొఱకు స్విట్జర్లాండునకు చెందిన బ్రికే అను పండితుడు పదునాఱువేలకు పైగా గుర్తులను సేకరించి 1907లో గ్రంథముగా ప్రకటించెను.

కాగితమునకు కాగితమే సాక్షి. నేటి పాటయు బొమ్మయు సినిమాయు అట్టివి కావు. అవి కేవలము అంకెల వరుసలు. పూర్వము ఒక టేపుపై నున్న పాటను మఱొక టేపునకు ఎక్కించినచో ధ్వని కొంత మసకబాఱెడిది. దానినుండి మరల ఎక్కించినచో ఇంకను చెడెడిది. ఆ చెడుటయే మూలప్రతికి ఒక విధమైన కాపుదల. అంకెలకు అరుగుదల లేదు. వేయవ నకలు మొదటి ప్రతితో ఒక్క అంకె తేడా లేక సరిపోవును. అట్టిచో దొంగిలింపబడిన నకలు ఎవరి యింటనుండి బయలుదేఱినదో కనిపెట్టుట ఎట్లు? అంకెలలోనే ఒక నీటిగుర్తు నుంచవలసి వచ్చెను.

ఈ ఆలోచన కంప్యూటర్లు ఇంటింటికిని రాకముందే పుట్టినది. అమెరికాలో మ్యూజాక్ అను సంస్థ అంగళ్లకును కార్యాలయములకును సంగీతమును సరఫరా చేయుచుండెను. ఆ సంస్థకు చెందిన ఎమిల్ హెంబ్రూక్ 1954లో ఒక పేటెంటు కొఱకు దరఖాస్తు పెట్టెను. 1961లో అది లభించెను. అతని ఉపాయము చక్కనిది. పాటకు అతడు ఏమియు చేర్చలేదు. పాటనుండి కొంచెము తీసివేసెను. సెకనుకు వేయి కంపనములు గల స్వరమును మాత్రము నడుమనడుమ కొద్దికాలము అణచివేయును. అణచిన కాలము పొట్టిదైన చుక్క, పొడవైనది గీత. తంతివార్తల మోర్సుభాషలో ఆ చుక్కలును గీతలును కలిసి ఆ పాట ఎవరిదో చెప్పును. వినువారి చెవికి ఆ లోటు తెలియదు. దానికొఱకే చేసిన యంత్రమునకు తెలియును.

అంకెలలో గుర్తును దాచుట ఎట్లో ఒక నలుపుతెలుపు ఛాయాచిత్రమును తీసికొని చూడవచ్చును. కంప్యూటరునందు అది లక్షల కొలది చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్క వెలుగును సున్న మొదలు 255 వఱకు గల ఒక సంఖ్య తెలుపును. సున్న కటికనలుపు, 255 తెలుపు. ఒక చుక్క విలువ 200 అనుకొందము. ద్విసంఖ్యామానమున అది 11001000 అగును. కడపటి సున్నను ఒకటిగా మార్చినచో 201 అగును. 200కును 201కిని గల తేడాను ఏ కన్నును పోల్చలేదు. కావున ప్రతి చుక్కయందును ఆ కడపటి స్థానము మన ఇష్టము వచ్చినట్లు వాడుకొనుటకు వీలైన చోటు. ఇంగ్లీషు అక్షరమైన ‘ఎ’కు కంప్యూటరులో 65 అను సంఖ్య, అనగా 01000001, గుర్తు. ఎనిమిది చుక్కల కడపటి స్థానములలో ఈ ఎనిమిది అంకెలను వరుసగా ఉంచినచో ఒక అక్షరము దాగినట్లే. పదిలక్షల చుక్కలు గల చిత్రమున 1,25,000 ఇంగ్లీషు అక్షరములు ఇమిడిపోవును. తెలుగు అక్షరములకు, నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతి ప్రకారము, ఇంతకు మూడురెట్లు చోటు కావలెను. అయినను ఒక చిన్న పుస్తకము పట్టును. చూచువారికి మాత్రము అది ఒక చెట్టు బొమ్మయో పిల్లవాని బొమ్మయో!

ఇట్లు దాచుట రహస్యలేఖకు చాలును గాని నీటిగుర్తునకు చాలదు. ఈ రెంటికిని గల భేదము గమనింపదగినది. హిస్టియేయస్ అను గ్రీకు నాయకుడు ఒక సేవకుని తల గొఱిగించి, దానిపై పచ్చబొట్టుతో సందేశము పొడిపించి, వెండ్రుకలు పెరిగిన పిదప అతనిని పంపినట్లు హెరొడోటస్ తన చరిత్రలో వ్రాసెను. ఆ సందేశము తిరుగుబాటును గూర్చినది. సేవకుని గూర్చినది కాదు. సేవకుడు కేవలము వాహకుడు. నీటిగుర్తు అట్లు కాక తన్ను మోయుచున్న వస్తువును గూర్చియే పలుకును: ఇది ఫలానివారిది, ఫలానిచోటికి పంపబడినది అని. రహస్యలేఖ ఉన్నదని పగవానికి తెలిసినచో దాని పని ముగిసినది. నీటిగుర్తు ఉన్నదని దొంగకు తెలిసినను అది చెక్కుచెదరక నిలువవలెను. అనగా కంటబడకుండుటయు, చెఱపినను చెఱగకుండుటయు రెండును కావలెను. ఈ రెండును ఒకదానికొకటి పగ. గుర్తును లోతుగా నాటినకొలది అది బయటికి కనబడును. తేలికగా నాటినకొలది సులభముగ చెఱగును.

కడపటి స్థానమున దాచిన గుర్తు రెండవ తెగకు చెందినది. ఒక బొమ్మను సెల్‌ఫోను ద్వారా పంపినప్పుడు, పరిమాణము తగ్గించుటకై, కంటికి ఆనని సూక్ష్మభేదములను ఆ ఏర్పాటు తీసివేయును. గుర్తు ఉన్నది సరిగా ఆ సూక్ష్మభేదములయందే గదా! పళ్లెముపై చల్లిన పిండివలె అది ఒక్క తుడుపుతో పోవును. ఇంగెమార్ కాక్స్ మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు 1997లో ప్రకటించిన వ్యాసమున దీనికి ఎదురుదారిని చూపిరి. గుర్తును ఎవరికిని పట్టని మూలలలో కాక, చిత్రమునకు ప్రాణమైన ముఖ్యభాగములలోనే కలుపవలెను. కాని ఒక్కచోట కాక వందలాది చోట్ల అత్యల్పముగా పంచవలెను. పప్పులో ఉప్పు కలిసినట్లు! ఏ మెతుకునందును ఉప్పు కనబడదు. ఉప్పును తీసివేయవలెనన్న పప్పును పాఱబోయవలసినదే. ఎచ్చట ఎంత కలిపినదియు తెలిసినవాడు మాత్రము ఆ అల్పభేదముల నన్నిటిని కూడి, తన గుర్తు ఉన్నదో లేదో తేల్చుకొనగలడు.

సినిమాహాళ్లలో నిత్యము జరుగుచున్నది ఇట్టి పనియే. హాలీవుడ్డు స్టూడియోలు కూడి 2005లో డిజిటల్ సినిమాకు కొన్ని నిబంధనలను ప్రకటించినవి. వాని ప్రకారము హాలులోని యంత్రము బొమ్మను తెరపై వేయుచున్నప్పుడే అందులో గుర్తును కలుపవలెను. ప్రతి ఐదునిమిషముల భాగమునను 35 బిట్లు, అనగా ముప్పదియైదు సున్నలో ఒకట్లో, ఉండవలెను. అందు పదునాఱు కాలమును తెలుపును. గంటకు నాలుగు పర్యాయములు, దినమునకు ఇరువదినాలుగు గంటలు, లీపు సంవత్సరమునకు 366 దినములు. హెచ్చించినచో 35,136 వచ్చును. పదునైదు బిట్లతో 32,768 సంఖ్యలే ఏర్పడును గనుక పదునాఱు కావలసివచ్చెను. మిగిలిన పందొమ్మిది బిట్లు చోటును తెలుపును. వానితో 5,24,288 వేఱువేఱు సంఖ్యలు ఏర్పడును. దొంగ తన కెమెరాను ఒడిలో దాచి, ఎదుటివారి తలల నడుమనుండి వంకరగా తీసినను, తీసినదానిని మరల కుదించినను ఆ ముప్పదియైదును బ్రదికి బయటపడవలెను. ఐదునిమిషములలో ఇంత కొంచెమే ఉంచుటకు కారణమదియే.

తెలుగువారి బాహుబలి రెండవభాగము 2017 ఏప్రిల్ నెలలో విడుదలయ్యెను. కొలది దినములకే, దొంగప్రతి తమవద్ద ఉన్నదనియు, సొమ్ము ఇయ్యకున్నచో దానిని ఇంటర్నెట్టులో పెట్టుదుమనియు కొందఱు నిర్మాతలను బెదరించిరి. ప్రతిలోని గుర్తును చదువగా అది ఆంధ్రదేశమునది కాదు, తెలంగాణమునది కాదు. బీహారు రాష్ట్రమున బేగూసరాయిలోని ఒక సినిమాహాలు బయటపడెను. హైదరాబాదు పోలీసులు నిందితులను నిర్బంధించిరి. సినిమాహాలులో దొంగతనముగా చిత్రీకరించువారికి మూడునెలలనుండి మూడేండ్ల వఱకు ఖైదును, మూడులక్షల రూపాయలకు తగ్గని జరిమానాను విధించుచు 2023లో పార్లమెంటు సినిమాటోగ్రాఫు చట్టమును సవరించెను. నటులు, పాటగాండ్రు మాత్రమే కాదు, దీపములు మోయువారును సెట్లు కట్టువారును ఆ టిక్కెట్ల సొమ్ముమీదనే బ్రదుకుచున్నారు.

వస్తువులకును ఈ విద్య ప్రాకినది. ఐరోపాలో ప్లాస్టికు డబ్బాల పైభాగమంతటను తపాలాబిళ్లంత గుర్తును కంటికి తెలియకుండ మరలమరల అచ్చువేసి, చెత్తను వేఱుచేయు పట్టీపై పోవుచుండగా కెమెరాచే చదివించు ప్రయత్నము 2021లో కోపెన్‌హేగెన్ నగరమున జరిగెను. ఆహారము పెట్టిన డబ్బా యేదో, సబ్బునీటి డబ్బా యేదో యంత్రమే పోల్చును. కృత్రిమమేధ గీసిన బొమ్మలను గుర్తించుటకై గూగుల్ డీప్‌మైండ్ సంస్థ 2023లో సింత్ఐడీ అను పద్ధతిని ప్రకటించెను. ఇందు ఒక చిక్కు కలదు. గుర్తు ఉన్నచో ఆ బొమ్మ యంత్రము చేసినదని చెప్పవచ్చును. గుర్తు లేనంతమాత్రమున అది నిజమైన ఛాయాచిత్రమని చెప్పరాదు. గుర్తు వేయని యంత్రములును ఉన్నవి.

ఇంతవఱకు చెప్పినవానిలో గుర్తును ఉంచినవాడు వస్తువునకు హక్కుదారు, లేదా దానిని చేసినవాడు. సినిమాహాలు యజమానికి గుర్తున్న సంగతి ముందే తెలియును. అట్లు కాని సందర్భమొకటి కలదు. పలు కంపెనీల రంగుల లేసరు ప్రింటర్లు తాము అచ్చువేసిన ప్రతి కాగితముపైనను లేత పసుపుచుక్కలను చల్లుచున్నవి. ఒక్కొక్క చుక్క మిల్లీమీటరులో పదియవవంతు మాత్రమే. తెల్లకాగితముపై పసుపు కంటికి ఆనదు. నీలిదీపము క్రింద భూతద్దముతో చూచినచో నల్లగా బయటపడును. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను అమెరికా సంస్థ 2005లో ఒక రకపు జిరాక్సు ప్రింటరు చుక్కలను చదువగలిగెను. అడ్డముగ పదునైదు, నిలువుగ ఎనిమిది స్థానములు గల గడిలో ఆ ప్రింటరు క్రమసంఖ్యయు, అచ్చువేసిన తేదీయు, గంటయు నిమిషమును ఉండెను. దొంగనోట్లు అచ్చువేయువారిని పట్టుటకే ఈ ఏర్పాటు చేసిరట. ఆ ప్రయోజనము మంచిదే. కాని ప్రింటరు కొనినవానికి ఈ సంగతి ఎవరును చెప్పలేదు. దొంగనోటును అచ్చువేసినవాని కాగితముపై ఎట్టి చుక్కలు పడునో, అధికారి అవినీతిని గూర్చి పేరు దాచుకొని పై అధికారులకు మొఱపెట్టుకొనిన ఉద్యోగి కాగితముపైనను అట్టి చుక్కలే పడును. చుక్కకు దొంగ యెవడో మొఱపెట్టినవాడెవడో తెలియదు.

జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీనికి ఒక విరుగుడు కనిపెట్టిరి. పడిన చుక్కను ప్రింటరునుండి తీసివేయుట కష్టము గనుక వారు ఆ జోలికి పోలేదు. కాగితముపై ఖాళీగా మిగిలిన స్థానములలో మఱిన్ని పసుపుచుక్కలను తామే వేసి, ఏది ప్రింటరు వేసినదో ఏది తాము వేసినదో తెలియరాకుండ చేసిరి. ఆ సాధనమును ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు బహిరంగముగ ప్రకటించిరి.