బృంద నడకలో భద్రత, మర్యాద

1. పరిచయం

పర్యావరణం, చరిత్ర, జానపద విజ్ఞానం వంటి పాఠ్యాంశాలు చదివే విద్యార్థులు ఎప్పుడో ఒకప్పుడు బృందంగా పల్లె దారుల్లో, అడవి బాటల్లో నడవవలసి వస్తుంది. ఒంటరిగా నడిచే వ్యక్తి తన శక్తిని బట్టి నడుస్తాడు. బృందంలో నడిచే వ్యక్తి పక్కవారిని చూసి నడుస్తాడు. బృందానికి ఎదురయ్యే అనేక ఇబ్బందులకు మూలం ఈ తేడాలోనే ఉంది. నల్లమలలోని సలేశ్వరం దారిని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

2. దారిని అంచనా వేయడం

సలేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. చైత్ర పౌర్ణమి సమయంలో జరిగే జాతరకు భక్తులు రాళ్ల దారిలో లోయలోకి దిగి జలపాతం చేరుకుంటారు. మామూలుగా కొండ ఎక్కడం ముందు, దిగడం తర్వాత. ఇక్కడ అది తారుమారు. అలసిపోయిన తర్వాత, ఎండ ముదిరిన వేళ ఎక్కవలసి వస్తుంది. కాబట్టి సగానికి మించి నీరు మిగిలి ఉండగానే తిరుగు ప్రయాణం మొదలుపెట్టాలి.

నడకకు పట్టే సమయాన్ని లెక్కకట్టడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు. దాని ప్రకారం 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట పడుతుంది. ఉదాహరణకు 6 కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎత్తు ఉంటే 1 గంట 12 నిమిషాలకు 30 నిమిషాలు కలపాలి. మొత్తం 1 గంట 42 నిమిషాలు. విరామాలు, ఎండ, గుంపు ఈ లెక్కలో లేవు. వాటికి తగిన సమయాన్ని మీరే చేర్చుకోవాలి.

3. వెనుకబడినవారి విరామం

ముందు నడిచేవారు ఒక చెట్టు కింద ఆగి పది నిమిషాలు సేదతీరుతారు. చివరి వ్యక్తి అక్కడికి చేరగానే "అందరూ వచ్చారు, ఇక పదండి" అంటారు. ఫలితంగా విశ్రాంతి ఎక్కువ అవసరమైన వ్యక్తికే అది దక్కదు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే ఆ వ్యక్తి నీళ్లు తాగడానికి కూడా ఆగడు. తన వల్ల ఆలస్యమవుతోందన్న మొహమాటం నోరు కట్టేస్తుంది. అందువల్ల ఈ మూడు నియమాలు పాటించాలి.

అ) విరామం చివరి వ్యక్తి వచ్చిన క్షణం నుంచి మొదలవుతుంది.
ఆ) దారి తెలిసిన ఒకరు ముందు, ఓపిక గల ఒకరు అందరికంటే వెనుక నడవాలి.
ఇ) ఆగిన ప్రతిచోటా, దారి చీలిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి.

4. ఆపద వేళ

వడదెబ్బ: మాట తడబడినా, తికమకపడుతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి.

పాముకాటు: గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం హానికరం. కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా ఆసుపత్రికి తరలించాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర అనే నాలుగింటికీ మన ఆసుపత్రుల్లో ఒకే విషవిరుగుడు మందు ఇస్తారు. కనుక పామును వెతికి పట్టుకోవలసిన పని లేదు.

5. స్థానికుల పట్ల మర్యాద

అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లరాదు. నల్లమల చెంచుల నివాసభూమి. వారి పెంటల్లో ఫోటో తీసే ముందు అడగాలి. తాగునీటి చెలమలో చేతులు, గిన్నెలు కడగకూడదు. ఎండాకులపై పడిన ఒక్క బీడీ ముక్క అడవిని తగలబెట్టగలదు. పొలాల్లో గట్టు మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి. తీసిన తడికను తిరిగి మూయాలి. ఒకరు పైరు తొక్కితే ఆకులు నలుగుతాయి. నలభై మంది తొక్కితే అక్కడ బాట పడుతుంది, రైతుకు ఆ మేరకు పంట పోతుంది.

6. సారాంశం

బృందం వేగం అంటే అందులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే. ఎవరినీ వదలకుండా, ఎవరికీ నష్టం కలిగించకుండా తిరిగివచ్చినప్పుడే ఆ నడక సక్రమంగా సాగినట్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 10 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎత్తు ఉన్న దారికి నైస్మిత్ సూత్రం ప్రకారం ఎంత సమయం పడుతుంది?
2. విరామాన్ని చివరి వ్యక్తి రాకతో ఎందుకు మొదలుపెట్టాలి?
3. మీ ఊరి దగ్గరి ఒక నడక దారిని ఎంచుకొని, అక్కడ పాటించవలసిన మర్యాదలను వివరించండి.