లక్డారం రాయి, లెగో రాకెట్

పటాన్‌చెరు దాటి లక్డారం వైపు మళ్లితే ముందు దుమ్ము, ఆ వెనక క్రషర్లు, వాటి వెనక నేలలోకి దిగిపోయిన క్వారీ గుంతలు కనిపిస్తాయి. ఇలాంటి బండను చీల్చడానికి రాతిపనివాళ్లకు తరతరాలుగా తెలిసిన పద్ధతి ఒకటుంది. బండ మీద గీత గీసి, గీత వెంట వరసగా రంధ్రాలు వేస్తారు. ఒక్కో రంధ్రంలో ఇనుప మేకు దించి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కోదాని మీద ఒక్కో సమ్మెట దెబ్బ వేసుకుంటూ పోతారు. మళ్లీ మొదటికొచ్చి మరో దెబ్బ. కాసేపటికి బండ గీత వెంట విడిపోతుంది. ఆ మేకులు రాయిని నలగ్గొట్టలేదు, పక్కలకు నెట్టాయంతే. లారీ ఎక్కించినా చెక్కుచెదరని గ్రానైటు, రెండు పక్కలకూ లాగేసరికి లొంగిపోతుంది. నొక్కుడును తట్టుకునే శక్తిలో లాగుడును తట్టుకునేది పదో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ.

లెగో బొమ్మ ఇటుకలతో మీటరు పొడవు అంతరిక్ష నౌకలు కట్టేవాళ్లు రోజూ కుస్తీ పట్టేది సరిగ్గా ఈ లక్షణంతోనే. ప్రపంచమంతటా ఈ పనిలో తలమునకలైనవాళ్లు ఉన్నారు. సెప్టెంబరు నెలంతా కూర్చుని, కనీసం వంద బుడిపెల పొడవుండే ఓడ ఒకటి కట్టడం వాళ్లలో చాలామందికి ఆనవాయితీ. దానికి షిప్‌టెంబర్ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇటుక నెత్తిన ఉండే ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు కాబట్టి వంద బుడిపెలంటే 80 సెంటీమీటర్లు. వినడానికి చిన్నదే. కట్టబోతే ఇంజనీరింగు పాఠాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తాయి.

మొదట నొక్కుడు సంగతి. 2012లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఇంజనీర్లు రెండు బుడిపెలు పొడవు, రెండు బుడిపెలు వెడల్పు ఉన్న మామూలు లెగో ఇటుకను పరీక్ష యంత్రంలో పెట్టి నొక్కారు. అది దాదాపు 430 కిలోల బరువు దాకా తట్టుకుంది. ఇటుక బరువేమో ఒక గ్రాము పైచిలుకు. ఆ లెక్కన ఒకదాని మీద ఒకటి మూడు లక్షల డెబ్బై అయిదు వేల ఇటుకలు, అంటే మూడున్నర కిలోమీటర్ల ఎత్తు పేరిస్తే గానీ అడుగున ఉన్నది నలగదు. కానీ అదే ఇటుకను పైకి లాగండి, అయిదేళ్ల పిల్ల వేళ్లతో ఊడదీస్తుంది.

ఊడిరావాలి కూడా. దాని గొప్పతనమే అది. 1958 జనవరి 28న డెన్మార్కులో గాట్‌ఫ్రెడ్ కిర్క్ క్రిస్టియన్సెన్ పేటెంటు దరఖాస్తు పెట్టిన ఇటుక కిటుకంతా అడుగున ఉన్న గొట్టాల్లో ఉంది. కింది ఇటుక బుడిపెలు పై ఇటుక గోడకూ గొట్టానికీ మధ్య బిగుసుకుంటాయి. ఉన్న చోటు కంటే బుడిపె వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. దూరినప్పుడు గోడ కాస్త వంగి, తిరిగి తన ఆకారానికి రావాలని బుడిపెను అదుముతుంది. పట్టు అంటే ఆ అదుము వల్ల పుట్టిన రాపిడే, జిగురు లేదు, మేకు లేదు. మొదట వాడిన సెల్యులోజ్ అసిటేట్ కాలం గడిచేకొద్దీ వంకర పోయేది. 1963లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్ వచ్చింది. అందులో గట్టిదనం ఒక భాగానిది, నునుపు ఒక భాగానిది, వంగి మళ్లీ నిలబడే గుణం బ్యూటాడయీన్ రబ్బరుది.

ఇక పెద్ద ఓడ దగ్గరికి వద్దాం. అరచేతిలో ఇమిడే ఓడ ఒకటి బాగా కుదిరింది, దాన్నే అన్ని వైపులా రెండింతలు చేద్దామనుకుంటే ఏమవుతుంది? పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు, ఎత్తు రెండింతలు. బరువు ఎనిమిదింతలు. రెక్క మొదట్లో అతుకును పట్టుకున్న బుడిపెలు మాత్రం నాలుగింతలే పెరుగుతాయి. పైగా రెక్క బరువు ఇప్పుడు రెండింతల దూరం నుంచి వేలాడుతోంది. అతుకు మందం కూడా పెరిగింది కాబట్టి ఆ దూరం తెచ్చిన భారం దానితో చెల్లిపోతుంది. చివరికి తేలేదేమిటంటే, ఒక్కో బుడిపె మీద పడే లాగుడు రెండింతలు. పదింతల ఓడలో పదింతలు. ఈ సూత్రం 1638లో అచ్చయిన గెలీలియో పుస్తకంలోనే ఉంది. ఏనుగు కాళ్లు జింక కాళ్లలా ఎందుకుండవో చెప్పేదీ ఇదే.

దీనికి కళ్లెదుట సాక్ష్యం 2013లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలిచింది. స్టార్ వార్స్ సినిమాల్లోని ఎక్స్‌వింగ్ నౌకకు 560 ముక్కల బొమ్మ సెట్టు ఒకటి ఉండేది. దాన్నే 42 రెట్లు పెంచి 53 లక్షల 35 వేల 200 ఇటుకలతో కట్టారు. 13 మీటర్ల పొడవు, దాదాపు 21 టన్నుల బరువు, 32 మంది, 17,336 గంటల పని. 42 రెట్లు పెరిగితే అతుకు మీద ఒత్తిడీ 42 రెట్లే కదా. అందుకే లోపల ఉక్కు చట్రం పెట్టారు. అది మోసం కాదు. ఆ కొలతలో ఇంకోలా కట్టడానికి లేదు.

ఇంట్లో కట్టే మీటరు ఓడకు ఉక్కు అక్కర్లేదు గానీ వెన్నెముక కావాలి. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. ముందు అందమైన పైతొడుగు కట్టి, తర్వాత లోపల నింపుదామనుకుంటారు. చేయి తిరిగినవాళ్లు లోపలి నుంచి బయటికి వస్తారు. వెన్నెముకకు వాడే, 1977లో లెగో తెచ్చిన టెక్నిక్ దూలాలకు పక్కల చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లో పిన్నులు దూరుస్తారు. బుడిపె రాపిడితో మాత్రమే పట్టుకుంటుంది, పిన్ను అలా కాదు, అడ్డంగా నెట్టి విడదీయాలంటే ప్లాస్టిక్కే తెగాలి. పలకలతో కట్టినా ఇదే తెలివి పనిచేస్తుంది. సన్నని పలకలను ఓడ పొడవునా పరిచి, అతుకు మీద అతుకు రాకుండా పై వరస పేర్చుకుంటూ పోతే, ఓడ వంగినప్పుడు బుడిపెల మీద పడే బలం వాటిని పైకి లాగదు, పక్కకు తోస్తుంది. పక్కకు తోస్తే బుడిపె ఊడదు. నన్నడిగితే పెద్ద నమూనాల విద్యంతా ఇదొక్కటే: లాగుడు ఎక్కడ పుడుతుందో ముందే కనిపెట్టి, దాన్ని పక్కదోపుగా మార్చేయడం. 2017లో వచ్చిన 7,541 ముక్కల స్టార్ వార్స్ నౌక మిలీనియం ఫాల్కన్ సెట్టులోనూ పైన కనిపించే బూడిదరంగు పలకలన్నీ లోపలి టెక్నిక్ చట్రాన్ని పట్టుకుని బతుకుతున్నవే.

రెండో దారి బరువు తగ్గించడం. మన రామప్ప స్థపతులు ఎంచుకున్న దారి ఇది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో కింద రాతి స్తంభాలు, రాతి దూలాలు. రాతి దూలం వంగితే దాని అడుగు భాగాన లాగుడు పుడుతుంది, రాయికి పడనిది అదే. అందుకే శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు కాల్చి వాడారు. దూలం బలం పెంచలేనప్పుడు దాని నెత్తిన బరువు తగ్గించారు. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన ఆ ఆలోచనకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇంతకీ మనం ఏం కడదాం? సినిమా ఓడలు కట్టేవాళ్లు కట్టనీ. మనకు శ్రీహరికోట నుంచి లేచే ఎల్‌వీఎం3 రాకెట్ ఉంది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లింది అదే. ఎత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. నడిమి దశలోని రెండు వికాస్ ఇంజన్ల తయారీలో హైదరాబాద్ ఫ్యాక్టరీల చెమట ఉంది. పక్కనున్న ఎస్200 బూస్టర్ల తొడుగుకు వాడే మారేజింగ్ ఉక్కు మన కంచన్‌బాగ్ మిధాని తయారు చేసే లోహాల్లో ఒకటి. దీన్ని యాభయ్యో వంతుకు కుదిస్తే 87 సెంటీమీటర్లు, వంద బుడిపెల గీత దాటేసింది. నడిమి దశ వ్యాసం 4 మీటర్లు, అంటే 80 మిల్లీమీటర్లు, సరిగ్గా 10 బుడిపెలు. ఎస్200 వ్యాసం 3.2 మీటర్లు, అంటే 64 మిల్లీమీటర్లు, సరిగ్గా 8 బుడిపెలు. ఇంత చక్కగా లెక్క కుదిరే రాకెట్ దొరకడం మన అదృష్టం.

గుండ్రని గొట్టాన్ని చదరపు ఇటుకలతో ఎలా కట్టాలన్నది అసలు ప్రశ్న. 2017లో లెగో తెచ్చిన మీటరు ఎత్తు సాటర్న్-5 రాకెట్ సెట్టు దీనికి దారి చూపింది. మధ్యలో చదరపు వెన్ను కట్టి, దాని పక్కలకు బుడిపెలు బయటికి చూసేలా ముక్కలు పెట్టి, వాటికి వంపు తిరిగిన చెక్కలు తగిలించారు. మన ఎల్‌వీఎం3కి నాలుగు బుడిపెల చదరం వెన్ను చాలు. ఒక వరసకు నాలుగు బుడిపెల పొడవు, రెండు బుడిపెల వెడల్పు ఉన్న ఇటుకలు రెండు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు కాబట్టి 90 వరసలు, మొత్తం 180 ఇటుకలు, నాలుగు వందల గ్రాముల పైచిలుకు. అదే పది బుడిపెల గుండ్రాన్నంతా నింపుకుంటూ పోతే 880 ఇటుకల దాకా పట్టి రెండు కిలోలు తూగుతుంది. 90 వరసల ఎత్తు 864 మిల్లీమీటర్లు, అంటే కచ్చితంగా 108 బుడిపెల పొడవు. అయిదు ఇటుకల ఎత్తు ఆరు బుడిపెల పొడవుకు సమానం కాబట్టి, నిలువునా వేలాడే పక్క చెక్కలు ప్రతి అయిదు వరసలకోసారి వెన్నుతో కలిసొస్తాయి. 87 సెంటీమీటర్లకు తక్కువైన 6 మిల్లీమీటర్లకు నెత్తిన రెండు పలకలు వేస్తే తీరిపోతుంది.

ఈ కూడికలు నిజంగా కుదరాలంటే ఇటుక కొలత మిల్లీమీటరులో వందో వంతు కూడా తప్పకూడదు. 108 బుడిపెల మీద వందో వంతు చొప్పున అంతా ఒకే వైపు తప్పితే చివరికి మిల్లీమీటరు దాటుతుంది, పక్క చెక్క కూర్చోదు. చవక ఇటుకలు చిన్న బొమ్మకు సరిపోయి పెద్ద ఓడలో మొరాయించేది ఇందుకే. మన పారిశ్రామిక వాడల్లో మోల్డింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది కొత్త కాదు. దానా పూర్తిగా ఆరకపోయినా, డైలో చల్లారకముందే ముక్క బయటికొచ్చినా కొలత మారుతుందని వాళ్లకు చేతి అలవాటులో తెలుసు. అలాంటి ఇటుకను మనమే చేసుకోవచ్చు కూడా, మూల పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది. ఆ ఇటుక ఆకారం మీద ట్రేడ్‌మార్కు చెల్లదని 2010లో ఐరోపా న్యాయస్థానం కూడా తేల్చింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగాక విదేశీ సెట్టు మధ్యతరగతి ఇంటికి అందని మాట. ఆ కొలతకు నిలిచే ఇటుక పాశమైలారంలోనో బొల్లారంలోనో తయారై మన బడిపిల్లల చేతికి రావాలని నాకు గట్టి కోరిక. డైలు చేసే నేర్పు మనకుంది. బాలానగర్‌లో టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి ఆ చదువు చెబుతూనే ఉంది.

కట్టాక ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించాలి. మన ఎండలకు కిటికీ పక్కన వద్దు. ఏబీఎస్ మెత్తబడేది వంద డిగ్రీల చుట్టుపక్కలే అయినా, బిగువులో ఉన్న ప్లాస్టిక్ అంతకు చాలా ముందే కొద్దికొద్దిగా సాగి పట్టు వదులుతుంది. ఎండకు తెల్ల ఇటుకలు పసుపెక్కుతాయి. మన రాకెట్ చాలామటుకు తెలుపే మరి.

ఇక బూస్టర్లు. శ్రీహరికోటలో లేచే క్షణాన మండేవి ఆ రెండు ఎస్200లే, నడిమి ఇంజన్లు దాదాపు రెండు నిమిషాల తర్వాత ఆకాశంలో వెలుగుతాయి. అంతవరకూ నడిమి దశను మోసేది బూస్టర్లే. నమూనాలోనూ అలాగే కడితే మేలు. బూస్టర్లను బల్ల మీద నిలబెట్టి, నడిమి వెన్నును కింద ఒకచోట, పైన ఒకచోట టెక్నిక్ పిన్నులతో వాటి మధ్య పట్టించాలి. బరువంతా నొక్కుడుగా బూస్టర్లలోంచి బల్లకు దిగుతుంది, అతుకుల దగ్గర పక్కదోపు తప్ప లాగుడు ఉండదు.

వెన్ను పక్కలకు తగిలించే చెక్కల మందం లెక్క ఇలా వస్తుంది. ఎస్200కి నాలుగు బుడిపెల వెన్ను మీద ప్రతి పక్కా 16 మిల్లీమీటర్లు కావాలి, పలక మందం 3.2 కాబట్టి అయిదు పలకలు. నడిమి దశకు 24 మిల్లీమీటర్లు, ఏడున్నర పలకలు. ఆ అర పలక కోసం మూల తిరిగిన బ్రాకెట్ ముక్క ఉంది, దాని మందం సరిగ్గా 1.6. ఉపగ్రహాన్ని దాచే పైతొడుగు ఒక్కటే ఇబ్బంది పెడుతుంది. అయిదు మీటర్ల వ్యాసానికి 100 మిల్లీమీటర్లు, అంటే పన్నెండున్నర బుడిపెలు రావాలి. బ్రాకెట్ మీద పది పలకలు వేస్తే 99.2 దగ్గర ఆగుతుంది. తేడా 0.8 మిల్లీమీటర్లు, అసలు రాకెట్ మీద చూస్తే నాలుగు సెంటీమీటర్లు.