ఫోను మనదే... తాళంచెవి ఎవరి దగ్గర?

“అన్నీ అవే వచ్చేస్తాయి ఆంటీ... మీరేం టెన్షన్ పడకండి!”

సెల్‌ఫోన్ల షాపులో కుర్రాడు ఎంత ధీమాగా చెప్పాడంటే, రెండో మాట అడగాలని నాకు తోచలేదు. 2025 సంక్రాంతికి ముందు సంగతి ఇది. ఆరేళ్లు వాడిన ఫోను. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోయేది. ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే 1,500 రూపాయలు తగ్గిస్తామన్నారు. 1,500 అంటే మాటలా? సరేనన్నాను. ఆ అబ్బాయి కొత్త ఫోనులోకి సిమ్ మార్చి, పాతదాన్ని అక్కడికక్కడే రీసెట్ కొట్టి సొరుగులో పడేశాడు.

ఇంటికొచ్చి, అందరి భోజనాలూ అయ్యాక తీరిగ్గా కూర్చుని వాట్సాప్ తెరిచాను. నెంబరు అడిగింది, ఇచ్చాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను. బ్యాకప్ ఏదీ దొరకలేదని చెప్పింది. అర్థం కాక కింద ఉన్న ‘స్కిప్’ నొక్కాను. అంతే! కొత్తగా అద్దెకు దిగిన ఇల్లులా బోసిగా ఉంది తెర.

చీరల ఫొటోలు, గుడ్‌మార్నింగ్ పువ్వులు పోతే పోయాయి, పీడా విరగడైంది. కానీ అందులో మా అమ్మ ఉంది.

అమ్మకి టైపు చేయడం రాదు. చూపు కూడా బాగా తగ్గింది. మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడటం ఒక్కటి నేర్పించాను. అప్పట్నుంచీ రోజుకి రెండు మూడు మెసేజ్‌లు. “గ్యాసు కట్టేశావుటే?” “ఈసారి కాయ పులుపు తక్కువ, ఆవపిండి చూసి వెయ్యి.” “నీ కథ పక్కింటి పిల్లచేత చదివించుకున్నాను. ఆఖర్న ఆవిణ్ణి ఎందుకే అలా ఏడిపించావు?” అన్నీ ఇలాంటివే. 2024 కార్తీకంలో అమ్మ పోయింది. ఆ తర్వాత ఒక్కటి కూడా వినే ధైర్యం చేయలేదు నేను. ఎప్పుడైనా వినొచ్చు, ఫోనులోనే ఉన్నాయిగా అనుకున్నాను.

మర్నాడు షాపు తెరిచే వేళకి వెళ్లి నిలబడ్డాను. “రీసెట్ చేశాక ఇంక రాదు ఆంటీ” అన్నాడు అదే అబ్బాయి. వాడినేమని ఏం లాభం? నేను అడగాల్సినవి నాలుగు ప్రశ్నలున్నాయి. ఒక్కటీ అడగలేదు.

ఆ ఖాతా ఎవరిది?

రెండు రోజులు ఏడ్చాక, మూడో రోజుకి బుర్ర పనిచేయడం మొదలెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ తన బ్యాకప్‌ని గూగుల్ ఖాతాలో దాస్తుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే రెండూ కలవాలి. ఒకటి అదే ఫోన్ నెంబరు. రెండోది, బ్యాకప్ దాచిన ఆ గూగుల్ ఖాతా. నెంబరు నాదే. మరి ఖాతా? షాపులో అడిగితే మావారి ఈమెయిల్ చెప్పాను. పాత ఫోనులో ఉన్నది ఏదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గుర్తుకు రావడానికి అది నేను పెట్టిందైతే కదా!

ఆరేళ్ల కిందట ఆ ఫోను కొన్నప్పుడు మా మరిది అంతా ‘సెట్’ చేసి నా చేతికిచ్చాడు. బెంగుళూరుకి ఫోన్ చేశాను.

“అవును వదినా, నీ పేరు మీద నేనే ఒక జీమెయిల్ చేశాను. పాస్‌వర్డ్ గుర్తులేదు గానీ, రికవరీకి నా నెంబరే ఇచ్చాను. ఉండు” అన్నాడు. కోడ్ అతని ఫోనుకే వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టి నాకు చెప్పాడు. పట్టుమని పది నిమిషాల పని! అతను ఈలోగా ఆ నెంబరు మార్చేసి ఉంటే మాత్రం ఆ పది నిమిషాల పనే జన్మలో అయ్యేది కాదు.

కొత్త ఫోను సెట్టింగ్స్‌లో ఆ పాత ఖాతాని చేర్చాను. వాట్సాప్‌ని తీసేసి, మళ్లీ వేసుకున్నాను. ఎందుకంటే, పాతవి తెమ్మంటారా అని అది మొదటిసారి నెంబరు ఇచ్చినప్పుడే అడుగుతుంది. ‘స్కిప్’ కొట్టామా, ఇక ఆ మాటే ఎత్తదు. ఈసారి బ్యాకప్ దొరికింది. కానీ దాని పక్కనున్న తేదీ చూసి గుండె జారిపోయింది. 2024 ఆగస్టు!

సగమే ఎందుకొచ్చింది?

గూగుల్ ఒక్కో ఖాతాకి ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. మెయిళ్లు, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 దాకా, కాస్త నాణ్యత తగ్గించి దాచే ఫొటోలను ఈ లెక్కలో వేసేవారు కాదు. ఆ తర్వాత వేస్తున్నారు. వాట్సాప్ బ్యాకప్ కూడా అంతే. దానికి విడిగా ఉచితంగా చోటిచ్చేవారు. 2023 చివర్లో మార్పు ప్రకటించి, 2024 నుంచి అదీ 15 జీబీలోనే కలిపేశారు. నా ఖాతా నిండిపోయింది. నిండగానే బ్యాకప్ ఆగిపోయింది. చోటు లేదని ఫోను ఎన్నిసార్లు చెప్పిందో! ఏదో ప్రకటన అనుకుని పక్కకి తోసేశాను.

అలా శ్రావణమాసం దాకా మాట్లాడిన అమ్మ తిరిగి వచ్చింది. ఆఖరి మూడు నెలల అమ్మ రాలేదు. మా అక్కచెల్లెళ్ల గ్రూపులో అమ్మ పెట్టినవి, నేను అక్కకి పంపినవి కలిపి పదకొండు అక్క ఫోనులో దొరికాయి. ఆఖరి వారంలో నా ఒక్కదానికే పంపినవి మాత్రం ఎక్కడా లేవు. ఏం చెప్పిందా అని ఇప్పటికీ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తుంటాను.

ఇది మీలో ఇంకొకరికి జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత ఫోను చేయి దాటకముందు

* ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘చాట్స్’, అందులో ‘చాట్ బ్యాకప్’ తెరవండి. చివరిసారి బ్యాకప్ అయిన తేదీ, దాని సైజు, ఏ గూగుల్ ఖాతాలోకి పోతోంది... ఈ మూడూ అక్కడే ఉంటాయి. కాగితం మీద రాసుకోండి. తేదీ పాతదైతే వైఫై పెట్టుకుని ‘బ్యాకప్’ నొక్కి, పూర్తయ్యేదాకా ఉండండి. చోటు చాలకపోతే వీడియోలు కలపకుండా చేసుకునే మీట కూడా అక్కడే ఉంది.

* రెండు ఫోన్లూ చేతిలో ఉంటే ఇంకా తేలిక. 2023 నుంచి ‘ట్రాన్స్‌ఫర్ చాట్స్’ అని ఒకటి వచ్చింది. ఒక ఫోనులో వచ్చే క్యూఆర్ కోడ్‌ని రెండోదానితో స్కాన్ చేస్తే చాలు, గూగుల్‌తో పని లేకుండా నేరుగా ఇందులోంచి అందులోకి పోతాయి. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి ఈ పద్ధతి పనికొస్తుంది. ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్‌కి మారేవాళ్లు మాత్రం, ఐఫోన్ మొదట సెట్ చేసేటప్పుడే ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్ ద్వారా తెచ్చుకోవాలి. గూగుల్‌లో దాచిన వాట్సాప్ బ్యాకప్‌ని ఐఫోన్ తెరవలేదు.

* ఫొటోలన్నీ గూగుల్ ఫొటోస్‌లోకి పోతున్నాయనుకుని నిశ్చింతగా ఉండకండి. కెమెరాతో తీసినవి పోతాయి. వాట్సాప్‌లో వచ్చినవి, స్క్రీన్‌షాట్లు వేరే ఫోల్డర్లలో ఉంటాయి. వాటికి మనం విడిగా బ్యాకప్ ఆన్ చేయాలి. పిల్లల మార్కుల మెమోలు, పాలసీ కాగితాలు ఎక్కువగా ఉండేది ఆ ఫోల్డర్లలోనే!

* ఫోన్ నెంబర్లు ఎక్కడ సేవ్ అయ్యాయో చూడండి. కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోనులో, కొన్ని గూగుల్‌లో ఉంటాయి. ఫోనులో మాత్రమే ఉన్నవి ఫోనుతోనే పోతాయి.

* ఇంటికి తెచ్చిచ్చే ఎక్స్ఛేంజ్‌లో కొత్తది చేతిలో పెట్టి, పాతది గుమ్మంలోనే పట్టుకుపోతారు. రెండూ పక్కపక్కన పెట్టుకునే అవకాశమే ఉండదు. అలాంటప్పుడు ముందురోజు రాత్రే పని పూర్తిచేసుకోండి. షాపులో మార్చుకుంటుంటే, కొత్తదాంట్లో మెసేజ్‌లు కళ్లతో చూశాకే రీసెట్ చేయనివ్వండి. గంట పడితే పట్టింది, కూర్చోండి. వీలైతే అసలు ఎక్స్ఛేంజ్ మానుకుని, పాత ఫోనుని ఓ పదిహేను రోజులు బీరువాలో ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు.

రిస్టోర్ మొరాయిస్తే...

‘బ్యాకప్ లేదు’ అని వస్తే గాభరా పడి ‘స్కిప్’ కొట్టకండి. చాలాసార్లు బ్యాకప్ ఉంటుంది, మనం వేరే ఖాతా తలుపు తడుతూంటాం. ఇంట్లో ఉన్న ఈమెయిల్ ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోండి. పాత బ్యాకప్ వేరే నెంబరు మీద జరిగిందేమో కూడా చూడండి.

పొరపాటున ‘స్కిప్’ కొట్టేశారా? అయితే పాతవి దొరికేదాకా కొత్త ఫోనులో ‘బ్యాకప్’ మీట జోలికి పోకండి. దానంతటది జరిగే బ్యాకప్‌ని కూడా ఆపేయండి. లేకపోతే ఖాళీ వాట్సాప్ వెళ్లి, అదే ఖాతాలో ఉన్న నిండు బ్యాకప్ స్థానంలో కూర్చుంటుంది. కడిగిన గిన్నె తీసుకెళ్లి పాలగిన్నె ఉన్నచోట పెట్టినట్టు!

కొంత శాతం దాకా వెళ్లి ఆగిపోతోందా? కొత్త ఫోనులో చోటు సరిపోతుందో లేదో చూడండి. చార్జర్ తగిలించి, వైఫై బాగా అందే గదిలో పెట్టండి. మధ్యలో వేరే యాప్‌లు తెరవకండి. మెసేజ్‌లు వచ్చి ఫొటోలు మసగ్గా కనిపిస్తుంటే కంగారు లేదు. ముందు మాటలు వస్తాయి, ఫొటోలు, వీడియోలు తర్వాత నెమ్మదిగా దిగుతాయి.

పాస్‌వర్డ్ అడుగుతోందంటే, బ్యాకప్‌కి ఎవరో తాళం వేశారన్నమాట. 2021 అక్టోబరులో వచ్చిన సదుపాయం ఇది. పాస్‌వర్డ్ గానీ, 64 అంకెలూ అక్షరాల కీ గానీ ఉంటుంది. మంచిదే, కానీ అది పోగొట్టుకుంటే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు.

ఫోను మొత్తాన్ని గూగుల్ బ్యాకప్ నుంచి తెచ్చుకునేటప్పుడు ఇంకో చిక్కు. పాత ఫోనులో ఆండ్రాయిడ్ కొత్త వెర్షనూ, కొత్త ఫోనులో పాత వెర్షనూ ఉంటే అది రాదు. ముందు కొత్త ఫోనుని అప్‌డేట్ చేసుకోవాలి. ఇంకొకటి, ఫోను 57 రోజులు వాడకుండా పక్కన పడేస్తే ఆ బ్యాకప్‌ని గూగుల్ చెరిపేస్తుంది.

బ్యాంకు యాప్‌లు, యూపీఐ మాత్రం ఏ బ్యాకప్‌లోనూ తయారుగా రావు. కొత్త ఫోనులో సిమ్ వేసుకుని మళ్లీ నమోదు చేసుకోవాల్సిందే. ఈ హడావుడిలో “పోయిన డేటా తెచ్చిపెడతాం, ఓటీపీ చెప్పండి, ఈ యాప్ వేసుకోండి” అనే ఫోన్లొస్తే పెట్టేయండి. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

కొంగున కట్టుకోవాల్సిన తాళంచెవి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. సగం కంటే ఎక్కువే, సంతోషం. అయితే ఫోను ఉండటం వేరు, దాని తాళంచెవి ఉండటం వేరు. మన ఫోనులో ఖాతా ఎవరు తెరిచారు? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? కోడ్ ఎవరి నెంబరుకి పోతుంది? చాలా ఇళ్లల్లో జవాబు ఒకటే. మావారు, మా అబ్బాయి, మా తమ్ముడు. వాళ్లు ప్రేమగానే చేసి ఉంటారు. మా మరిదీ అంతే. కానీ ఆ ఖాతా తెరవగలిగినవాళ్లు మన ఫొటోలు, మెయిళ్లు కూడా చూడగలరు. వాళ్లకి పాస్‌వర్డ్ గుర్తులేకపోతే మనకీ లేనట్టే.

ఇంటి తాళాలు, బీరువా తాళాలు కొంగున కట్టుకు తిరిగిన అమ్మల కూతుళ్లం మనం. ఈ ఒక్క తాళంచెవిని మాత్రం ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసుకోకుండా వదిలేశాం.

ఇప్పుడు నా ఫోనులో నా ఖాతా ఉంది. కోడ్ నా నెంబరుకే వస్తుంది. పాస్‌వర్డ్ నా డైరీలో రాసి బీరువాలో పెట్టాను. దొరికిన అమ్మ మాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ అక్కకిచ్చాను. మొన్న మామిడికాయలొచ్చినప్పుడు మొదటిసారి ధైర్యం చేసి ఆవకాయ మెసేజ్ పెట్టుకుని విన్నాను. అమ్మ చెప్పినట్టే ఆవపిండి చూసి వేశాను.

ఈ పేజీ మడిచి పెట్టేముందు, ఓసారి మీ వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ తెరిచి చూడండి. అక్కడున్న ఈమెయిల్ మీదేనా? తేదీ ఈ వారానిదేనా? కాకపోతే, వంట సంగతి తర్వాత... ముందు ఆ పని చూసుకోండి.