కక్ష్యలో నేత్రపరీక్ష

2019వ సంవత్సరము నవంబరు 27వ తేదీని శ్రీహరికోటనుండి ఎగసి, 509 కిలోమీటర్ల యెత్తున భూమిని చుట్టుటకు వెడలిన కార్టోశాట్-3 ఉపగ్రహమునందలి దూరదర్శిని, నేలపై 25 సెంటీమీటర్ల వివరమును సైతము వేరుపరచి చూపుటకై నిర్మింపబడినది. అంతటి తీక్ష్ణదృష్టి గల యంత్రమైనను, తాను ఏ దిక్కునకు మొగము త్రిప్పియున్నదో తెలిసికొనుటలో ఒక్క వికల, అనగా డిగ్రీలో 3600వ వంతు, పొరబడినచో నేలమీద గురి దాదాపు రెండున్నర మీటర్లు తప్పును. చిత్రము స్ఫుటముగనే యుండును గాని అది ఏ తావుదో చెప్పుట తప్పగును. దిక్కు తెలుపు భారమెల్ల స్టార్ సెన్సర్లు అను చిన్న కెమెరాలది. ఇస్రో ఉపగ్రహములకై వీనిని రూపొందించునది బెంగుళూరులోని ఎలక్ట్రో-ఆప్టిక్స్ ప్రయోగశాల.

స్టార్ సెన్సరు తన యెదుటి ఆకాశఖండమును చిత్రించి, అందలి తారల నడిమి కోణములను స్మృతిలోని తారాపట్టికతో సరిపోల్చి, ఉపగ్రహము ఎటు వాలియున్నదో లెక్కించును. ఇందొక చమత్కారము కలదు. తార వెలుగంతయు ఒకే పిక్సెల్‌పై పడినచో, ఆ పిక్సెల్‌లో ఏ మూల పడినదో తెలియదు. కావున కటకమును బుద్ధిపూర్వకముగ రవంత నాభి తప్పించి, వెలుగును ఇరుగుపొరుగు పిక్సెళ్లపై పరచి, దేనికెంత అందినదో తూచి, పిక్సెల్‌లో పదవ వంతుకన్న సూక్ష్మముగ తార స్థానమును తేల్చుదురు. మసకచేసి సూక్ష్మత సాధించుట ఇంజనీర్లకే చెల్లినది!

ఈ సెన్సరును ప్రయోగశాలలో ఎంత శ్రద్ధతో క్రమాంకనము చేసి పంపినను, రాకెట్టు కుదుపులును, భారరహితస్థితియు, శూన్యమున చట్రమునుండి తేమ వెడలుటయు, గంటన్నర కొకమారు ఎండకును నీడకును మారుచుండుటయు కలసి, కటకమునకును పిక్సెళ్ల ఫలకమునకును గల దూరమును ఇంచుక మార్చివైచును. పైకి పోయి సరిచేయుట పొసగదు. సెన్సరు తప్పు తెలియవలెనన్న ఉపగ్రహపు నిజమైన దిక్కు తెలియవలెను, దిక్కు తెలియవలెనన్న సెన్సరే చెప్పవలెను. తార్కికులు దీనినే అన్యోన్యాశ్రయదోషమందురు. ఈ చిక్కును విప్పునది ఒక సరళమైన రేఖాగణితసత్యము: ఉపగ్రహము ఎటు తిరిగినను రెండు తారల నడిమి కోణము మారదు. ఐరోపావారి హిప్పార్కస్ ఉపగ్రహము కొలువగా 1997లో వెలువడిన లక్షా పదునెనిమిదివేల పైచిలుకు తారల పట్టిక వంటిది చేతనుండగా, వేలకొలది చిత్రములలో కొలిచిన కోణములకును పట్టికలోని కోణములకును గల తేడాలనుండియే కటకపు నాభ్యంతరమును, వక్రతాదోషములను రాబట్టవచ్చును. అయితే ముందుగ, 18వ శతాబ్దిలో ఖగోళజ్ఞుడు బ్రాడ్లీ కనుగొనిన అపేరణమును తీసివేయవలెను; సెకనుకు 30 కిలోమీటర్ల భూగమనముచే తార 20 వికలలవరకును, ఉపగ్రహపు స్వీయగమనముచే మరి 5 వికలలవరకును తొలగినట్లు కనబడును.

ఇంత చేసినను ఒక్కటి మిగిలిపోవును, నా దృష్టిలో అదియే కష్టతరమైనది. సెన్సరు మొత్తముగ ఒక ప్రక్కకు ఒరిగినయెడల తారల నడిమి కోణములు చెక్కుచెదరవు గనుక, దూరదర్శినికిని దానికిని నడుమ వచ్చిన వాలును తారలు ఎన్నటికిని చెప్పజాలవు. ఆ సాక్ష్యము నేలయే పలుకవలెను. అక్షాంశ రేఖాంశములు ముందే కచ్చితముగ కొలిచిన రోడ్డు కూడళ్లు, కాలువ మలుపులు చిత్రములలో ఎంత జరిగి కనబడుచున్నవో చూచి ఆ వాలును దిద్దుదురు.

వికిరణపు తాకిడికి చెడి, తార లేనిచోటను వెలుగు పిక్సెళ్లను గుర్తించి విడిచిపెట్టుటయు ఈ పరీక్షలోని భాగమే. సెన్సరే మృతిచెందినచో దిద్దుటకేమియు నుండదు. 2009లో చంద్రుని చుట్టుచున్న చంద్రయాన్-1 స్టార్ సెన్సర్లు పాడైనప్పుడు ఇస్రోవారు కక్ష్యను 100 కిలోమీటర్లనుండి 200 కిలోమీటర్లకు పెంచి, తిరుగుడును కొలుచు గైరోలను ఆశ్రయించి, చంద్రతలముపై తెలిసిన స్థలముల చిత్రములతో దిక్కును సరిచూచుకొనుచు, ఆగస్టు 29వ తేదీని సంకేతములు ఆగిపోవువరకు పని సాగించిరి.